నాన్న చెప్పిన కల, నా చేతిరాత

నేను బడిలో సైన్స్ చెబుతాను. దెయ్యాలు, సోదె, శకునాలు వేటినీ నమ్మిన దాన్ని కాదు. నాన్న కూడా అంతే. గోదావరిఖనిలో ముప్పై ఏళ్ళు బొగ్గుగనిలోకి, మా వాడుకలో బాయిలోకి, దిగిన మనిషి ఆయన.

రిటైరయ్యాక నాన్నకు ఒక అలవాటైంది. లేవగానే, ముఖం కూడా కడుక్కోకుండా, రాత్రి వచ్చిన కలను నోట్‌బుక్కులో రాసుకునేవారు. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన చెబుతుంటే నేను రాసేదాన్ని. ఒక్క మాట కూడా అతికించి చెప్పేవారు కాదు. మరిచిపోయిన చోట "యాదికి లేదని రాయి" అనేవారు. మా పిల్లలు ప్రయోగాల రికార్డు ఇంత నిజాయితీగా రాస్తే బాగుండు అనిపించేది.

పోయిన ఎండాకాలం ఒక పొద్దున చెప్పిన కల ఇది. నీలం తలుపున్న ఇల్లు. వాకిట్లో నూనె డబ్బాలో దానిమ్మ మొక్క. ఎడమ పక్కన చేదబావి. గుమ్మంలో ఒక ముసలామె, "ఇన్నేండ్లకు యాదికొచ్చినమా?" అంటోంది. లోపల మంచం మీద లింగన్న.

లింగన్న పేరు మా ఇంట్లో అందరికీ తెలుసు. నేను పుట్టకముందు బాయిలో పైకప్పు కూలి నాన్న నడుము దాకా కూరుకుపోతే, ఆయన ఒక్కరే దగ్గరుండి చేతులతో తవ్వి బయటికి లాగారట. నాన్న దవాఖానలో ఉండగానే లింగన్నకు బదిలీ అయింది. మళ్ళీ జాడ తెలియలేదు. ఆ బాధ నాన్నకు ఎప్పుడూ ఉండేది.

మూడు వారాల తర్వాత కాసిపేట వైపు చుట్టాల పెళ్ళికి వెళ్ళాం. తిరుగు దారిలో ఆటో పంక్చరైంది. మిట్టమధ్యాహ్నం. నీడ కోసం పక్క సందులోకి నడిచాం. నాన్న ఉన్నట్టుండి ఆగిపోయారు.

నీలం తలుపు. నూనె డబ్బాలో దానిమ్మ. వెంటనే ఎడమ పక్కకు చూశాను. చేదబావి మాత్రం కనిపించలేదు. హమ్మయ్య, ఇది వేరే ఇల్లు అనుకున్నాను.

అంతలో ఒక ముసలామె బయటికొచ్చింది.

"లింగన్న ఇల్లేనా అమ్మా? బాయిల నేనూ ఆయన కలిసి పనిజేసినం. కప్పు కూలినప్పుడు నన్ను గుంజింది ఆయనే," అన్నారు నాన్న.

ఆమె తలుపు బార్లా తీసింది. "ఇన్నేండ్లకు యాదికొచ్చినమా?" అంది.

లోపల మంచం మీద లింగన్న ఆయాసపడుతూ పడుకుని ఉన్నారు. నాన్న వంగి ఆయన కాళ్ళు పట్టుకున్నారు. "అన్నా, గప్పుడు నీకు దండం గూడ పెట్టకపోతి."

"ఏందిరా, గందుకే ఇంత దూరమొచ్చినవా? బతికినవ్ గద, గంతే చాలు," అని నవ్వారాయన. ఇద్దరూ చేతులు పట్టుకుని చాలాసేపు కూర్చున్నారు.

బయల్దేరేటప్పుడు ఉండబట్టలేక ముసలామెను బావి గురించి అడిగాను.

"గీ ఎడమ దిక్కు ఉండె బిడ్డా. పూడ్చి పదేండ్లాయె."

ఇంటికి రాగానే నోట్‌బుక్కు తీశాను. తేదీతో సహా అన్నీ ఉన్నాయి, నా చేతిరాతలోనే. నాన్న ఆ ఊరికి అంతకుముందు వెళ్ళలేదు. లింగన్న సంగతి తెలిసినవాళ్ళెవరూ మాకు తారసపడలేదు. తెలిసిన లెక్కలన్నీ వేసి చూశాను, దేనికీ అందలేదు. ఇప్పటికీ అందదు. నాన్న మాత్రం ఎవరి దగ్గరా గొప్పగా చెప్పుకోలేదు.

మేము వెళ్ళొచ్చిన ఐదో వారం లింగన్న పోయారని కబురొచ్చింది. నాన్న కర్ర పట్టుకుని, పాడె పక్కనే చివరిదాకా నడిచారు.