సాయంత్రం బస్సు వచ్చేదాకా

మా హెడ్మాస్టారు పోయారని మొన్న మాచర్ల బస్సులో కండక్టరు చెప్పినప్పుడు, నా నోటి నుంచి ముందుగా వచ్చింది ప్రశ్నే: "నీకెవరు చెప్పారు?" అతను టికెట్లు కొట్టడం ఆపి, "ఒకరు చెప్పేదేందండీ, నేనే మట్టేసొచ్చాను" అన్నాడు. ఆ తరువాత అడగడానికి ఏమీ మిగల్లేదు.

విత్తనాల మొలక పరీక్షించే ఈ ఉద్యోగానికి రాకముందు, గురజాల దగ్గరి ఒక మిషన్ బడిలో ఆయన కింద రెండో పంతులుగా పనిచేశాను. వంకాయలమ్మే ఆమె లేతవంటే ఆయన ఒకటి విరిచి చూసేవారు. పై నుంచి వచ్చిన కాగితంలో "అందరికీ తెలిసినదే" అని ఉంటే, "అందరూ అంటే ఎవరోయ్?" అని నన్నడిగేవారు. ఎగతాళికి కాదు; జవాబు ఉందేమోనని నిజంగానే ఎదురుచూసేవారు.

కృష్ణ మీద ఆనకట్ట కడుతున్న రోజులవి. గోడ నిలవాలంటే పిల్లల్ని బలివ్వాలట, ఎత్తుకుపోయేవాళ్ళు ఊళ్ళమ్మట తిరుగుతున్నారట అని పుకారు. ఒక ఆదివారం మధ్యాహ్నం, గిన్నెలకు కళాయి వేసే సాయిబును పట్టుకుని జనం బడి స్తంభానికి కట్టేశారు. అతని పెదవి చిట్లి రక్తం కారుతోంది. కొందరి చేతుల్లో కర్రలున్నాయి.

మాస్టారు అతని గోతం తెరిపించారు. కొలిమి తిత్తి, బొగ్గులు, తగరం ముక్కలు.

"పిల్లోణ్ణి ఈపాటికే దాటించేసుంటాడు మాస్టారూ!"

"ఏ పిల్లోణ్ణిరా?"

ఎవరికీ తెలియదు. ఆయన వెళ్ళి బడి గంట కొట్టారు. బిత్తరపోతూ పరుగెత్తుకొచ్చిన పిల్లల్ని వరుసగా నిలబెట్టి పేరుపేరునా పిలిచారు. రెండో తరగతి కోటయ్య పేరుకు జవాబు రాలేదు. ఆ ఒక్క పేరూ మింగేసి ముందుకు పోవచ్చు. ఆయన పోలేదు. "కోటయ్య లేడు" అని అందరికీ వినపడేలా చెప్పారు. జనం తోసుకొచ్చారు.

వాడి తల్లి మిరపకోతలకు పొరుగూరు పోయింది. ఇంతలో పక్కింటామె, "వాడు పొద్దున మేనమామ ఎంట గురజాల బస్సెక్కినట్టుందే" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది. మాస్టారు ఆమె వైపు తిరిగారు.

"చూశావా అమ్మా?"

"ఎనక నుంచండీ. మొగం కనపళ్ళా."

"అయితే వాడో కాదో మనకు తెలీదు. సాయంత్రం బస్సొచ్చేదాకా ఆగుదాం. రాకపోతే అందరం కలిసి వెతుకుదాం. అప్పటిదాకా ఈ మనిషి మీద చెయ్యి పడకూడదు."

ఆమె మాట ఎందుకు పట్టుకోలేదని పక్కకు తీసుకెళ్ళి కోపంగా అడిగాను. "మనకు కావలసిన మాటని రెండుసార్లు అడగాలోయ్. అక్కర్లేనిదాన్ని ఎటూ అడుగుతాం" అన్నారు.

కట్లు విప్పించి, సాయిబుకు మంచినీళ్ళిచ్చి, అతని పక్కనే మెట్ల మీద కూర్చున్నారు. కర్రలవాళ్ళు గోడ నీడన చేరారు. "ఏంది మాస్టారూ, మీకు మేనత్త కొడుకా ఏంది?" అని ఒకడు ఎత్తిపొడిచాడు. "ఇంకా అడగలేదురా" అన్నారాయన, రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా.

పొద్దు వాలాక బస్సు వచ్చింది. మేనమామ వెనక చెరకు ముక్క నములుతూ కోటయ్య దిగాడు. మెట్ల మీద నుంచే మాస్టారు పేరు పిలిచారు. "హాజరు సార్!" అని వాడు రోడ్డు మీద నుంచే అరిచాడు. ఎవరో నవ్వారు. జనం మెల్లగా జారుకున్నారు. సాయిబుతో ఎవరూ ఒక్క మాటనలేదు.

"ఇక ఇట్లాంటివి నమ్మరు లెండి" అన్నాను.

"నమ్ముతారోయ్. మళ్ళీ అడగాల్సిందే" అన్నారు. ఆ గొంతులో గెలుపు లేదు, ఒట్టి అలసట. మరుసటి ఎండాకాలం అదే పుకారు ఇంకో ఊళ్ళో లేచింది. మొలవని విత్తనాన్ని మేలైనదని ఒప్పుకోమనేవాళ్ళ మధ్య, అడిగి అడిగి ఇప్పుడు నేనూ అలసిపోతున్నాను.

జనం పోయాక, ఆ సాయంత్రమే ఆయన తన ఇంటి నుంచి కళాయి పోయిన ఇత్తడి గిన్నె తెప్పించి సాయిబు ముందు పెట్టారు. అతను బొగ్గులు రాజేసి తిత్తి ఊదాడు. మాస్టారు స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకున్నారు. పని ముగిశాక లేచి గిన్నె అందుకుని, మిగిలిన కాస్త వెలుతురుకు పట్టి, ఎక్కడైనా మచ్చ వదిలాడేమోనని లోపలంతా నెమ్మదిగా తిప్పి చూశారు. సాయిబు చేతులు కట్టుకుని, ఆయన ముఖం వైపే చూస్తూ నిలబడ్డాడు.