మా ఆయన వేసిన ముళ్లు

మా ఆయన పడవకు ముడి వేశాడంటే విప్పగలిగిన మొనగాడు చుట్టుపక్కల ఊళ్లలోనే లేడని అందరూ అనేవాళ్లు. అప్పట్లో నాకూ అది గొప్పగానే ఉండేది. ఇప్పుడు ఎవరైనా ఆ మాట అంటే ఒళ్లు మండుతుంది.

డెబ్బైల చివరి సంగతి. వరంగల్ బస్సు దిగి కొంత దూరం నడిస్తే ఒక పెద్ద చెరువు, ఆ కట్ట కింద మా ఇల్లు. కట్ట మీద ఆఫీసర్లు వచ్చి దిగే బంగళా ఉండేది. ఎవరి సరదాకో ఆ బంగళాకు ఒక చిన్న మోటారు పడవ తెప్పించారు. తెల్లగా, నున్నగా, ముట్టుకుంటే మాసిపోతుందేమో అన్నట్టుండేది. అది ముందు ఉరుకుతుంటే, వెనక ఒకడు కాళ్లకు చెక్కలు తొడుక్కుని, తాడు పట్టుకుని నీళ్ల మీద నిలబడి జారాలి. అదీ ఆట. నిలబడేవాడు ఎప్పుడో ఒకడు. మిగతావాళ్లంతా బోర్లా పడి నీళ్లు మింగేవాళ్లే. మేము కట్ట మీద కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకునేవాళ్లం.

ఆట వాళ్లది, చాకిరీ మా ఆయనది. ఆయన పర్మినెంటు కాదు. ఆఫీసర్లు వద్దంటే తెల్లారి ఇంట్లో కూర్చోవలసిందే. అందుకని ఆ పడవను కన్నబిడ్డ కంటే ఎక్కువ చూసుకునేవాడు. పెద్దమనుషులు కార్లెక్కి వెళ్లిపోయాక దాన్ని మెల్లగా మెట్ల దగ్గరికి తెచ్చేవాడు. రాయి గీసుకోకుండా పక్కకు పాత టైర్లు వేలాడదీసేవాడు. నీళ్లు పెరిగినా తగ్గినా గుంజుకుపోకుండా ముందూ వెనకా కాస్త వదులుంచి గుంజలకు కట్టేవాడు. మోటారు పైకెత్తి, లోపలి నీళ్లు తోడి, గుడ్డతో తుడిచి, వాన నీళ్లు నడుమ నిలవకుండా వెదురు బద్దలు వంచి పెట్టి, పైన తాడుపత్రి, అదే టార్పాలిన్ గుడ్డ, కప్పేవాడు. దాన్ని మేమంతా కవరు అనేవాళ్లం. దాని అంచుల్లో ఉన్న రంధ్రాల్లోంచి వరంగల్ మట్టెవాడ బజారులో కొన్న సుతిలి తాడు దూర్చి చుట్టూ బిగించేవాడు. మా ఇంటి కప్పు కురుస్తుంటే మాత్రం ఆయనకు తీరిక దొరికేది కాదు.

మొదట్లో మామూలు ముళ్లే వేసేవాడు. ఒకసారి ఎవరో కవరు లేపి పెట్రోలు తీసుకుపోయారు. ఆఫీసరు నలుగురిలో పెట్టి తిట్టాడు. ఆ రాత్రి అన్నం ముట్టలేదు. మర్నాటి నుంచి ముడి మీద ముడి, దాని కొస మళ్లీ లోపలికి దోపి, తనకు తప్ప అంతుపట్టని లంకె ఒకటి కనిపెట్టాడు.

మా మరిది దాన్ని చూసి పగలబడి నవ్వేవాడు. వరంగల్ పత్తి మార్కెట్లో హమాలీ పని చేసేవాడు. మనిషి ఎంత బరువైనా మోసేవాడు, మాట మాత్రం దూదిపింజ. "వదినా, నీ పెండ్లిల బ్రహ్మముడి సుత అన్న గిట్లనే ఏసిండా? నెక్కొండకు ఉరుకుదామన్నా ఊడదిగ!" అనేవాడు. నా పుట్టిల్లు నెక్కొండ. "నీకూ ఒకతి వస్తది, అప్పుడు సూస్త నీ ముడి" అనేదాన్ని. ఆ ఏడు సంబంధాలు చూస్తున్నాం కూడా.

వానాకాలం. చెరువు నిండుగా ఉంది. పొద్దున ఒక జల్లు పడి వెలిసింది. మా ఆయన పెట్రోలుకని వరంగల్ పోయాడు. మరిది ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. మా బర్రె నీళ్లలోకి దిగి ఎంత పిలిచినా రాకపోతే, తోలుకొస్తానని ఈదుకుంటూ పోయాడు. బర్రె దాని మానాన అది అవతలి ఒడ్డుకు చేరింది. వీడు మాత్రం చెరువు నడుమ ఒక తుమ్మ మోడు పట్టుకుని ఆగిపోయాడు.

"వదినా, కాళ్లకు తీగలు సుట్టుకున్నయ్! పడవ తీస్కరా!" అని కేక వేశాడు.

గొంతులో భయం లేదు. ఎగతాళి చేస్తున్నాడేమో అని కూడా అనిపించింది. నేనూ మా అత్తా మెట్ల దగ్గరికి పరుగెత్తాం. మోటారు నాకు రాదు గానీ, అది మొరాయించినప్పుడల్లా మా ఆయన నాతో తెడ్డు వేయించేవాడు. కవరు తీస్తే చాలు, పోగలను.

కవరే రాలేదు. సుతిలి తడిసి ఉబ్బి ముళ్లు రాళ్లయి కూర్చున్నాయి. గోళ్లు విరిగాయి. పళ్లతో లాగాను. కొస ఎక్కడుందో, ఏది ఏ మడతలోకి పోయిందో తెలియలేదు. ఇంట్లోకి ఉరికి కొడవలి తెచ్చాను. సుతిలి కవరులోకి దిగబడి ఉంది, దాన్ని కోస్తే కవరూ తెగుతుంది.

మా అత్త నా చెయ్యి పట్టుకుంది. "కొయ్యకే! కవరు చిరిగితె వాని నౌకరి పోతది. నిమ్మలంగ ఇప్పు. వాడు ఈత వచ్చినోడు, మోడు పట్టుకొని ఉన్నడు గదా, ఆగుతడు."

తల్లి ఆమె. ఇద్దరు కొడుకుల తల్లి. ఒకడు మోడు పట్టుకుని నిబ్బరంగానే కనిపిస్తున్నాడు, ఇంకొకడి కూడు నా కొడవలి కింద ఉంది. నేను మళ్లీ ముళ్ల మీద పడ్డాను. ఎంతసేపు అని నన్ను అడగకండి. "వదినా" అని ఇంకోసారి వినిపించింది. ఈసారి ఆ పిలుపు వేరుగా ఉంది. మా అత్తే నా చేతిలో కొడవలి లాక్కుని కవరును ఈ చివర నుంచి ఆ చివరకు చీరేసింది.

నేను తెడ్డు వేసుకుంటూ పోయేసరికి మోడు ఒక్కటే ఉంది. దాని చుట్టూ తిరిగాను, పిలిచాను, తెడ్డుతో నీళ్లు కెలికాను. ఒడ్డున మా అత్త ఏదో అరుస్తూనే ఉంది. మర్నాడు వలలు వేసి బయటికి తీశారు.

వాడు మునిగిన సాయంత్రమే మా ఆయన పెట్రోలు డబ్బాతో వచ్చి ముందు చూసింది చిరిగిన కవరునే. నన్ను తిట్టడానికి నోరు తెరిచాడు. అప్పుడు తల్లి కనిపించింది, మట్టిలో కూర్చుని.

ఆ తర్వాత నన్ను ఒక్కటే అడిగాడు. "ముళ్లు ఇప్పరాలేదా?"

"రాలేదు" అన్నాను. అత్త నా చెయ్యి పట్టుకున్న మాట నేను చెప్పలేదు. ఆమె కూడా చెప్పలేదు. ఆయన పోయేదాకా ఆయనకు తెలియదు.

కర్మలయ్యాక ఆఫీసరు వచ్చాడు. మంచిమాటే మాట్లాడాడు, అబద్ధమెందుకు. అయ్యో పాపం అన్నాడు. మా ఆయన చేతులు కట్టుకుని, కవరు చిరిగింది సార్, అని నసిగాడు. ఆఫీసరు దాన్ని బూటుతో పక్కకు జరిపాడు. "ఇది పాతదే కదయ్యా. ఎప్పుడో పారెయ్యాల్సింది. కొత్తది స్టోర్‌ల పడి ఉంది, తెచ్చుకో" అన్నాడు.

మా అత్త బిందె చంకన పెట్టుకుని అక్కడే నిలబడి ఉంది. అంతా విన్నది. బిందె దించి మెట్టు మీద కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని నాకనిపించింది. ఆఫీసరు మీద పుట్టిన కోపం నాకు ఇప్పటికీ చల్లారలేదు. ఆయన చేసిన తప్పేమిటో మాత్రం ఈనాటికీ చెప్పలేను.

సాయంత్రం కొత్త కవరు వచ్చింది. దొంగలు ఎక్కడికీ పోలేదు, నౌకరీ ఎక్కడికీ పోలేదు. మా ఆయన మళ్లీ టైర్లు వేలాడదీసి, బద్దలు వంచి, సుతిలి బిగించి అవే ముళ్లు వేశాడు. ముడి ఒక్కటీ తప్పలేదు. నేను పోయి పక్కన కూర్చుని, ఎలా విప్పాలో చూపించమన్నాను.

ఆయన నా వేలు పట్టుకుని ముడి మీద పెట్టాడు. "గిదిగో, గీ కొసను ముంగటికి గుంజొద్దు. గుంజితె ఇంకింత బిగుత్తది. ఎనుకకు నూకాలె."

రెండు మూడు సార్లకు నాకు పట్టుబడింది. చూస్తుండగానే అయిపోయింది. అంత తేలిక.

ఎప్పుడు వచ్చిందో మా అత్త వచ్చి మా ఇద్దరి నడుమ కూర్చుంది.

"నాకు సుత నేర్పు కొడుకా."

"నీకెందుకే అవ్వా?" అన్నాడు ఆయన.

ఆమె నా వైపు ఒకసారి చూసింది. నేను తల దించుకున్నాను. ఆమె వేళ్లు కలుపు తీసీ తీసీ మొద్దుబారిన వేళ్లు, చూపు కూడా సరిగా ఆనదు. ముందుకు లాగుతుంది, ముడి బిగుస్తుంది. ఆయన వదులు చేసి ఇస్తాడు. మళ్లీ ముందుకే లాగుతుంది. ఇగ చాలు అవ్వా అంటే వినలేదు. చివరికి కొస వెనక్కి జరిగి, సుతిలి ఆమె ఒడిలోకి ఊడిపడింది.

ఆమె దాన్ని తీసి కొడుకు చేతిలో పెట్టింది.

"మల్ల ఎయ్యి" అన్నది.