మమత ఆగిన రెండేళ్లు

సెంటినరీ కాలనీలో మమతను అందరూ లెక్కల టీచరనే పిలిచేవాళ్లు. భర్త చనిపోయాక పుట్టింటికొచ్చి, దగ్గర్లోని ప్రైవేటు బడిలో చెప్పేది. తండ్రి రాయమల్లు ఇరవై ఎనిమిదేళ్లు బొగ్గుబాయిలో పనిచేశాడు. ఊపిరితిత్తులు చెడిపోయి నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతుంటే, డాక్టర్లు ఇక డ్యూటీకి పనికిరాడని రాశారు. ఆయన బదులు, వయసు పరిమితి దాటకముందే అడిగితే, పిల్లల్లో ఒకరికి ఉద్యోగం వస్తుంది.

ఆ మాట విని తమ్ముడు రుత్విక్ నవ్వాడు.

"నేను బాయిల దిగుతనా బాపూ? కొన్నొద్దులైతే నేనే పదిమందికి నౌకరిస్త."

"అయితే నేను చేస్తరా," అంది మమత. "నాకు పైన స్టోర్లనో ఆఫీసులనో పని ఇస్తరట. నువ్వు ఒప్పుకున్నట్టు ఒక్క సంతకం పెట్టు."

రుత్విక్ మొహం మారింది. హైదరాబాద్‌లో ఎంబీఏ చదివొచ్చి, షిఫ్టుకు పోయేవాళ్లకు భోజనం డబ్బాలు పంపే వ్యాపారానికి అప్పుడే గోదావరిఖనిలో వంటశాల అద్దెకు తీసుకున్నాడు.

"మా అక్క బాయి మీద డ్యూటీ చేస్తాందంటే నా ఇజ్జత్ ఏంగావాలె? ఆర్నెల్లు ఆగు. నా దగ్గర నువ్వే మేనేజర్‌వి."

మమత తండ్రి వైపు చూసింది. రాయమల్లు టీవీ మీంచి కళ్లు తిప్పలేదు.

ఆమె బడి మానేసి తమ్ముడి కౌంటర్లో కూర్చుంది. మొదట్లో డబ్బాలు బాగానే పోయాయి. వంటమనిషి పోశవ్వ చేసే జొన్నరొట్టె, పప్పు, తొక్కు కోసం కార్మికులు ముందే ఫోన్లు చేసేవాళ్లు. కానీ అవి రుత్విక్‌కు నామోషీ అనిపించాయి. నూడుల్స్, పాస్తా పెట్టమన్నాడు.

"పొద్దంత కష్టం చేసెటోళ్లకు గవి కడుపుల ఆగయి బిడ్డా," అంది పోశవ్వ.

"వండుమన్నది వండు. సలహాలియ్యనీకె పెట్టుకోలే నిన్ను."

పోశవ్వ చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. ఇంటికెళ్లి బతిమాలి తీసుకురమ్మని మమత చెబితే, "నేనేం నీ బడిపిలగాణ్ణి కాదు," అన్నాడు. తర్వాత సదయ్య అనే కార్మికుడు ఫోన్ చేసి, డబ్బా చల్లగా ఉందన్నాడు. "తిననీకె రానోళ్లకు ఏది పెట్టినా అంతే," అన్నాడు రుత్విక్. ఆ మాట సదయ్య పనిచేసే బాయంతా పాకింది. నెల తిరక్కుండానే అక్కడి నుంచి ఒక్క డబ్బా అడిగినవాళ్లు లేరు.

మమత మూడుసార్లు సంతకం అడిగింది. మూడోసారి అతను కుర్చీలోంచి లేచాడు.

"నేను మునుగుతనని ఎదురుచూస్తున్నవా అక్కా?"

ఆమె మళ్లీ అడగలేదు.

రెండేళ్లకు వంటశాల మూతపడింది. ఆ వారమే రుత్విక్ గడ్డం మాసి ఇంటికొచ్చాడు. సంతకం చేసిన కాగితం అక్క ముందు పెట్టాడు.

"జల్ది పోయి ఇచ్చిరా అక్కా."

మర్నాడు ఆఫీసులో గుమాస్తా ఆమె పుట్టినతేదీ రెండుసార్లు చూశాడు.

"వయసు దాటిందమ్మా. నాలుగు నెలలైతాంది."

ఆటోలో వస్తూ మమత వేళ్ల మీద నెలలు లెక్కపెట్టుకుంది. తాను మూడోసారి అడిగిన రోజుకి ఇంకా మూడు వారాలు గడువుంది.

గుమ్మంలోనే రుత్విక్ ఎదురొచ్చాడు. "తీసుకున్నరా?"

చెప్పింది. అతను అక్కడే కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. "కొట్టు అక్కా నన్ను. ఏమన్న అను." ఆమె అతన్ని దాటుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇప్పుడు రుత్విక్ నస్పూర్‌లో ఒక కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తున్నాడు, పండక్కి కూడా రాడు. బడిలో మమత స్థానంలో వేరే టీచర్ వచ్చింది. మమత కాలనీ పిల్లలకు ట్యూషన్ చెబుతోంది.

మొన్నొక మధ్యాహ్నం రాయమల్లు తనంతట తానే మాట తీశాడు.

"తప్పు నాది బిడ్డా. ఆనాడు వానితోని సంతకం పెట్టియ్యాల్సింది నేను. కొడుకు మాటకు ఎదురుచెప్పలేకపోయిన."

కాదు బాపూ అంటుందేమోనని ఆయన చాలాసేపు చూశాడు. మమత ఆ మాట అనలేకపోయింది. అన్నం కలిపి కంచం ఆయన ముందు పెట్టి, గోడవైపు తిరిగి కూర్చుంది.