నల్ల జడతో నీటి పరీక్ష

నా లెక్క తప్పదు. అండమాన్ దీవుల్లో మా మాయాబందర్ పాతవాళ్ళను ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు. చెప్పి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. ఆ నవ్వు సంగతి నేనే చెప్పేస్తే మంచిది, లేకపోతే వాళ్ళు ఇంకో రెండు కలిపి చెబుతారు. 1979 ఏప్రిల్ ఎనిమిదో తేదీ, మట్టలాదివారం, ఉదయం తొమ్మిదిన్నరకు, నూట నలభై మంది విశ్వాసుల కళ్ళెదుట, ఒక్క లెక్క కూడా తప్పకుండా, నేను ఒక పెద్దమనిషి పరువు నీళ్ళలో కలిపాను. ఆ నీళ్ళు కూడా నేనే కలిపినవి.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళ నాలుగు నెలలు. మా చర్చి బడిలో తాత్కాలికపు సైన్సు టీచర్ని. నా తెలివి మీద నాకున్న నమ్మకం పోర్ట్‌బ్లెయిర్ ఓడ కూతలాంటిది. జెట్టీకి ఇంకా మైలు దూరంలో ఉండగానే ఊరందరికీ వినిపించేది.

బడి పెత్తనం, చర్చి పెత్తనం రెండూ పీటర్ అప్పన్న గారివే. ఆయన కలప కాంట్రాక్టరు. ఆయన ఇంటి వరండాలో పుక్కిలించి ఉమ్మితే సముద్రంలో పడుతుంది. అయినా ఆయన పెరట్లో స్విమ్మింగ్ పూల్ కట్టించారు. మద్రాసులో ఏదో హోటల్లో చూసి వచ్చారట. చుట్టూ సముద్రం పెట్టుకుని పూల్ ఎందుకని ఎవరూ అడగలేదు, అడగగలిగిన వాళ్ళందరి ఉద్యోగాలూ ఆయన చేతిలోనే ఉండేవి. కట్టిన ఆరు నెలలకు ఆ నీళ్ళలో నాచు ఎంత పట్టిందంటే, వాళ్ళింటి బాతులు కూడా తల తిప్పుకుని సముద్రానికే పోయేవి.

ఆయన తల్లి నూకాలమ్మ మామ్మకు డెబ్భై ఒక్కేళ్ళు. భీమిలి దగ్గర నుంచి కొడుకు వెంట ఓడెక్కి వచ్చిన మనిషి. ఇంట్లో అందరూ బాప్తిస్మం తీసుకున్నా, మామ్మ మాత్రం ఇరవై ఏళ్ళుగా "సూద్దాంలే" అంటూ దాటేసింది. చర్చి పెద్ద తల్లే చర్చిలో చేరలేదన్న మాట అప్పన్న గారికి గొంతులో చేపముల్లు. ఆ ఏడాది ఫిబ్రవరిలో జ్వరం తగిలి లేచాక మామ్మ సరేనంది. ఆమెకు ఒకే ఒక్క గర్వం ఉండేది, జుట్టు. దూదిలా తెల్లటి జుట్టు. రోజుకు రెండు పూటలా కొబ్బరినూనె రాసి, దువ్వి, ముడి వేసుకునేది.

మా వాళ్ళ బాప్తిస్మాలన్నీ సముద్రపు పాయలోనే జరిగేవి. సరిగ్గా ఆ మార్చిలోనే అక్కడ మొసలి కనబడింది. ఒక కుక్కను తీసుకుపోయింది కూడా. దాంతో అప్పన్న గారికి తన పూల్ గుర్తొచ్చింది, నన్ను పిలిపించారు.

"సుగుణమ్మా, నువ్వు సైన్సు గదా. ఈ పానీ సాఫ్ అవ్వాల. మట్టలాదివారానికి మా యమ్మ మునగాల."

"నీళ్ళు పరీక్ష చేసి చెబుతానండీ."

"పరీచ్చ నువ్వు సేసుకో, పాసయితే సాలు. మా యమ్మ మునిగి లేచిందనుకో, జూన్ నించి నీ ఉజ్జోగం పక్కా. మునగలేదనుకో, డిగ్లీపూర్ కుర్రోడొకడు సైన్సు సెప్తానని అప్లికేషన్ ఎట్టున్నాడు. అది నా జేబులోనే ఉంది."

జేబు తట్టి చూపించారు కూడా. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

సోమవారం టేపు పట్టుకుని దిగాను. ఇరవై అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల లోతు. ఎనిమిది వందల ఘనపుటడుగులు. అడుగుకు ఇరవై ఎనిమిది లీటర్ల చొప్పున ఇరవై రెండు వేల నాలుగు వందల లీటర్లు. మీరూ వేసి చూసుకోండి, నేను ఆగుతాను.

ముందు బ్లీచింగ్ పౌడరు చల్లించాను. నాచు దాన్ని కూడా తిని బలిసింది. అప్పుడు నా బుర్రలో దీపం వెలిగింది. దాన్ని అప్పుడే ఎవరైనా ఊదేసి ఉంటే ఎంత బాగుండేది. మా నాన్న వక్కతోటలో కాయకుళ్ళు తెగులుకు మైలుతుత్తం అనే నీలం రాగి ఉప్పు, సున్నం కలిపి కొట్టేవాడు. వక్కచెట్టు తెగులును చంపే మందుకు నాచు ఒక లెక్కా అనుకున్నాను.

తొందరపడే మనిషిని కాను. మంగళవారం పదహారు లీటర్ల బకెట్లో పూల్ నీళ్ళు తీసుకుని రెండు గ్రాముల మైలుతుత్తం వేశాను. సాయంత్రానికి నాచు అడుక్కు దిగింది. ఇరవై రెండు వేల నాలుగు వందలను పదహారుతో భాగిస్తే పద్నాలుగు వందల బకెట్లు. బకెట్‌కు రెండు గ్రాములు, మొత్తం రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. శేషం సున్నా. శేషం సున్నా వచ్చిన లెక్క దేవుడు వేసిన లెక్క అని నేను నమ్మే రోజులవి.

"ఒంటికేటీ అవ్వదు గదా?" అన్నారు అప్పన్న గారు, బకెట్‌లోకి అనుమానంగా చూస్తూ.

"నా మీదే పరీక్ష చేశానండీ."

అబద్ధం కాదు. ఆ బకెట్లో గంటసేపు చెయ్యి పెట్టాను, ఇంకో గంట నా జడ ముంచాను. చెయ్యి చెయ్యిలాగే ఉంది. జడ జడలాగే ఉంది. నోటుబుక్కులో గుండ్రటి అక్షరాలతో రాశాను: "వెంట్రుకలపై ప్రభావం: శూన్యం." ఈ వాక్యాన్ని గుర్తుపెట్టుకోండి. నేను మరిచిపోదామని నలభై ఆరేళ్ళుగా ప్రయత్నిస్తున్నాను.

బుధవారం మందు పడింది. నాచు చచ్చింది. తరువాత నీళ్ళలో పులుపు ఎంత ఉందో చూడాలి కదా. మందార రేకులు వేడినీళ్ళలో నానబెట్టి ఆ రసం వేశాను. పులుపు ఉంటే ఎర్రబడుతుంది, సున్నపు గుణం ఉంటే ఆకుపచ్చబడుతుంది. ఎర్రబడింది. సున్నం పోశాను, పూల్ మజ్జిగలా తయారైంది, రసం ఆకుపచ్చబడింది. బడి లేబొరేటరీలోని యాసిడ్ సీసా తెచ్చి పోశాను, మళ్ళీ ఎరుపు. ఇలా సున్నం, యాసిడ్, సున్నం, యాసిడ్ అంటూ, ఉప్పు ఎక్కువైన పులుసును బాగుచేసే కొత్త కోడలిలా గట్టు చుట్టూ తిరిగాను. గురువారం మధ్యాహ్నానికి రసం ఎర్రగానూ మారలేదు, పచ్చగానూ మారలేదు. నీళ్ళు తేటపడ్డాయి. వాటి నీలం చూసి సముద్రమే వెలవెలబోయింది.

"మద్రాసు హోటల్లో కూడా ఇంత నీలం లేదు సుమా," అన్నారు అప్పన్న గారు. నన్ను అభినందించడానికి జేబులోంచి చెయ్యి బయటికి తీశారు. అప్లికేషను మాత్రం తీయలేదు.

ఆ సాయంత్రమే దైవాశీర్వాదం అయ్యగారు పోర్ట్‌బ్లెయిర్ ఓడలో దిగారు. బాప్తిస్మాలు ఇవ్వవలసింది ఆయనే. అరవై దాటిన మనిషి, గుండెల దాకా పారే తెల్లటి గడ్డం. చిన్నప్పుడు భీమిలి తీరాన అలల్లో పెరిగినవారట. పూల్ చూడగానే పాస్టరు పోయి పిల్లాడు మిగిలాడు. గురువారం సాయంత్రం ఒకసారి, శుక్రవారం రెండుసార్లు, శనివారం రెండుసార్లు ఈత కొట్టారు. ఐదుసార్లు, సారికి గంట. నా జడ మునిగింది ఒక్క గంట.

శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర మామ్మ కళ్ళు చిట్లించింది.

"ఒరే అప్పన్నా, అయ్యగారి గెడ్డానికి పాచి పట్టినట్టు లేదురా?"

"అమ్మా, పెద్దోరిని అలగ అనకూడదే," అన్నారు అప్పన్న గారు గొంతు తగ్గించి.

అయ్యగారు వినలేదు, చేప ముళ్ళు తీసుకుంటున్నారు. నేనే కల్పించుకున్నాను. "అది కాంతి మామ్మా. కిటికీ బయట అరటాకుల మీద పడి ఇటు తిరుగుతుంది."

"తెల్ల గెడ్డం మీదే తిరుగుతాదేటి? నల్ల బుర్రల మీద తిరగదా?"

అక్షరం ముక్క రాని మనిషి అడిగిన ఆ ప్రశ్నకు, డిగ్రీ చదివిన నేను ఒక నవ్వు నవ్వి ఊరుకున్నాను. ఆ నవ్వుకు మరునాడే శిక్ష పడింది.

ఆదివారం పదిహేడు మంది తెల్లబట్టలతో వరుసలో నిలబడ్డారు. మామ్మ చివర. అయ్యగారు నడుము లోతు నీళ్ళలో నిలబడి ఒక్కొక్కరినీ ముంచుతూ, వంగినప్పుడల్లా గడ్డం కూడా ముంచుతున్నారు. ఒక్క గుక్కెడు నీళ్ళు కూడా ఎవరూ మింగలేదు, అది దేవుడి దయ. పదహారో మనిషి లేచేసరికి సూర్యుడు ఇంటికప్పు దాటి వచ్చి నేరుగా అయ్యగారి మీద పడ్డాడు. పాట పాడుతున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఆగిపోయారు. అయ్యగారి గడ్డం, జుట్టు, కనుబొమ్మలు అన్నీ రామచిలక రంగులో మెరుస్తున్నాయి.

"నూకాలమ్మా, రా తల్లీ," అని ఆయన రెండు చేతులూ చాపారు.

మామ్మ ఒక కాలు మెట్టు మీద పెట్టి ఆగింది. "అయ్యగారూ, ఓపాలి తమ గెడ్డం సూసుకోండి."

ఆయన గడ్డం పైకెత్తి చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. "ఇది ఎప్పటి నుంచి?" అన్నారు నెమ్మదిగా.

"నిన్నటి నించి సూస్తన్నాను. అరటాకులంది ఈ పంతులమ్మ."

నూట నలభై తలలు నా వైపు తిరిగాయి. నేను నోటుబుక్కు తెరిచాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గాని, నిజంగానే తెరిచాను. "వెంట్రుకలపై ప్రభావం శూన్యమండీ. నా జడ గంటసేపు..."

"నీ జడ నల్లది గదే, గుంటా," అంది మామ్మ. "దానికి రంగంటిందో లేదో ఎవులికి తెలుస్తాది?"

నా నోటుబుక్కు దానంతటదే మూతపడింది.

అప్పన్న గారు తల్లి చెయ్యి పట్టుకున్నారు. "అమ్మా, బస్, ఏక్ మినిట్. ఓపాలి మునిగి లేచీ."

"డెబ్భై యేళ్ళకి పండింది నా జుట్టు. చిలకనై పోయి దేవుడి గుమ్మంలో కూకోమంటావా?"

"మరెక్కడ మునుగుతావే?"

"సముద్రంలోన."

"అక్కడ మొసలుందే అమ్మా."

"ఉండనీ. దానికి సైన్సు రాదు గదా."

అని పాయ వైపు నడిచింది. వెనక నూట నలభై మందీ నడిచారు. ఆరుగురు మగవాళ్ళు వెదుళ్ళతో నీళ్ళు బాదుతుండగా, పచ్చ గడ్డపు అయ్యగారు మామ్మను ఉప్పునీళ్ళలో ముంచి లేపారు. మొసలి రాలేదు. అయ్యగారిని చూసి జడుసుకుందని ఊళ్ళో ఇప్పటికీ అంటారు. ఆయన మరునాడు గడ్డం గీయించుకుని, తలకు రుమాలు కట్టుకుని ఓడెక్కారు. పోర్ట్‌బ్లెయిర్ జెట్టీ మీద ఎదురుచూస్తున్న ఆయన భార్య ఈ నున్నటి మనిషిని దాటుకుని పోయి, ఇంకా అయ్యగారు దిగలేదేమని అక్కడి కూలీని అడిగిందట.

తడి జుట్టు ఆరబెట్టుకుంటూ మామ్మే నా తీర్పు చెప్పింది. "మునుగుతానన్నాను, మునిగేను. ఆ గుంటకి ఉజ్జోగం ఇచ్చీ. సైన్సు తప్ప ఏదైనా సెప్పుకోనీ."

జూన్ నుంచి నేను పర్మనెంటు లెక్కల టీచర్ని. సైన్సుకు డిగ్లీపూర్ అబ్బాయి వచ్చాడు. అతను చెప్పిన మొదటి పాఠం, రాగి లవణాల రంగు. నన్ను చూసి చెప్పలేదని ప్రమాణం చేశాడు, నేను నమ్మలేదు.

పోయిన నెల అప్పన్న గారి మనవడు ఆ పూల్ బాగుచేయించి, నీళ్ళు పరీక్ష చేసే సామాను పెట్టె ఒకటి పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "దీదీ, మీరు ఓసారి చూస్తే బాగుంటుంది," అన్నాడు, చూపు నా తల మీద పెట్టి. ఇప్పుడు నాకు అరవై ఎనిమిదేళ్ళు. జుట్టు మామ్మ జుట్టంత తెల్లగా ఉంది. పరీక్షకు ఇంతకన్నా మంచి తల అండమాన్‌లో దొరకదు.

అందుచేత, నూట నలభై మంది సాక్షుల్లో ఇంకా బతికి ఉన్న పదకొండు మంది పేరున ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఏ పూల్‌లోనూ మందారరసం పోయను. ఏ బకెట్లోనూ జడ ముంచను. తెల్లగడ్డం ఉన్న మనిషి కనుచూపు మేరలో ఉండగా మైలుతుత్తం డబ్బా మూత తీయను. తల వెంట్రుకలకు సంబంధించిన ఏ విషయంలోనూ "శూన్యం" అన్న మాట రాయను.

అయినా ఇరవై రెండు వేల నాలుగు వందల లీటర్లన్నది మాత్రం సరైన లెక్కే.