రెండు వందల పద్నాలుగో విల్లు

ఆర్మూర్‌లో వెదురు విల్లు కావాలంటే అడగవలసిన ఇల్లు ఒక్కటే. పసుపు మార్కెట్ వెనక గల్లీలో, రేకుల షెడ్డున్న ఇల్లు. వడ్ల లక్ష్మీనర్సయ్య అనే నేను ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ షెడ్డులో విల్లులు చేస్తున్నాను. మెండోర బడిలో అయిదో తరగతి దాకా చదివాను, లెక్కల్లో మొదటివాణ్ని. నాగళ్లు, తలుపులు చేసే ఇంట్లో పుట్టి, అడవి పక్క ఊరి తుకారాం దగ్గర మూడేళ్లుండి ఈ పని నేర్చుకున్నాను. నా మాట నేను చెప్పుకోకపోతే చెప్పేవాళ్లు లేరు కాబట్టి చెబుతున్నాను. నిరుటి దాకా నా చేతి మీదుగా రెండు వందల పదమూడు విల్లులు వెళ్లాయి. వాటిలో నాలుగు జాతీయ పోటీలకు వెళ్లాయి. ఒకటి వెండి పతకం తెచ్చింది. ఒక్కటి కూడా విరిగి తిరిగి రాలేదు.

వెదురు బద్దను ఏడాది పాటు పొయ్యి పైన అటుక మీద పొగకు ఆరనివ్వాలి. తరువాత బాడిసతో చెక్కి, కత్తితో గీకి, చివరికి గాజుపెంకుతో నునుపు తీయాలి. పిడికి పైనా కిందా ఉన్న రెండు కొమ్ములూ ఒకే తీరుగా వంగాలి. ఎక్కడ మందముందో, ఎక్కడ పలుచనైందో చెప్పేది కుడి చేతి బొటనవేలే. కళ్లు మూసుకొని వేలు జరిపితే వెంట్రుకంత తేడా నాకు దొరికేది.

నిరుడు దసరా తరువాత ఒక పొద్దున కుడి చేయి పడిపోయింది. నిజామాబాద్ దవాఖానలో పది రోజులున్నాను. చేయి తిరిగొచ్చింది కానీ, బొటనవేలికి మాత్రం స్పర్శ రాలేదు. ఆ మాట డాక్టరుకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

ఫిబ్రవరిలో, మార్కెట్‌కు పసుపు బండ్లు వరస కట్టిన రోజుల్లో, విజయశ్రీ వచ్చింది. పక్క గల్లీలో బీడీలు చుట్టే రోజారాణి బిడ్డ. చేతిలో నిలువునా చీలిన పాత విల్లు, నేను చేసింది కాదు.

"తాతా, తొమ్మిది దినాలల్ల హన్మకొండల పోటీలు. ఎనమండ్లను తీస్కుంటరు. గా ఎనమండ్లల్ల ఉంటే క్రీడా హాస్టల్ల సీటు, సదువు అంత ఆళ్లదే. పదిహేడు నిండితే ఇగ రానియ్యరు. నాకు గిదే ఆఖరుసారి."

ఆ పోటీకి వెదురు విల్లే కావాలి. అటుక మీద ఆరిన బద్దలు రెండే మిగిలాయి. "నీ తాత ఉండంగ ఫికరెందుకు?" అన్నాను.

మూడు రోజులు చెక్కాను. వేలు జరిపితే ఏమీ తెలియడం లేదు. కంటిచూపు మీదనే గీకాను. గడపలో బీడీలు చుడుతున్న నా భార్య వెంకవ్వ లేచి వచ్చి, విల్లు మీద వేళ్లు ఆనించింది.

"కింది కొమ్ము పల్సగైంది, జర సూడు."

"నువ్వు పోయి ఆకులు కత్తిరించుకో. విల్లు సంగతి నాకు చెప్పొస్తవా?"

"యాభై ఏండ్లసంది బీడీలు చుడుతున్న. ఆకు దొడ్డుదో పల్సదో నా ఏళ్లకు ఎరుకుండదా?"

"బీడీకి, విల్లుకు పోలికనా!" అని నవ్వాను.

మరునాడు షెడ్డు ముందు విజయశ్రీ నారి లాగింది. నాలుగో బాణానికి కింది కొమ్ము ఫెళ్లున విరిగింది. చీలిక తగిలి పిల్ల మణికట్టు గీరుకుపోయింది.

నా నోట వచ్చిన మాట ఇది: "గంత మొరటుగ గుంజుతరా? గిన్నేండ్లల్ల నా విల్లు ఒక్కటన్న ఇరిగిందా?"

"ఎప్పటి లెక్కనే గుంజిన తాతా."

"ఎప్పటి లెక్క గుంజితే గిట్లెందుకైతది?"

ఆమె తల దించుకుంది. "తప్పయింది తాతా" అంది. మణికట్టుకు చున్నీ చుట్టుకొని వెళ్లిపోయింది.

వెంకవ్వ విరిగిన ముక్కలు ఏరుతూ అడిగింది. "నీ ఏలుకు సోయి లేదు గద?"

"ఎవలు చెప్పిండ్రు?"

"ఒకలు చెప్పాల్నా? మొన్న కుతకుత ఉడికే పప్పుల ఏలు వెడితివి, సురుక్కుమనకపోతివి. గా పిల్లకు పోయి చెప్పు, తప్పు దానిది గాదని."

"పోటీ అయినంక చెప్త. గిప్పుడు చెప్తే నా విల్లు మీద నమ్మకం పోతది."

అలా అన్నాను కానీ, అది కారణం కాదు. చెప్పడానికి నోరు రాలేదు.

మిగిలింది ఒక్క బద్ద, అయిదు రోజులు. వెంకవ్వ బీడీల చాట పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చుంది. నేను గీకుతాను, ఆమె వేళ్లు జరిపి చెబుతుంది. "గీడ ఇంకింత." "ఇగ ముట్టకు." ఆ విల్లును గోడకు కొట్టిన గూటానికి తగిలించి లాగి చూస్తే రెండు కొమ్ములూ అద్దంలో బొమ్మల్లా వంగాయి. అంత మంచి విల్లు నా చేతి కింద ఎన్నడూ తయారు కాలేదు.

విజయశ్రీ పట్టుకొని లాగింది. చెవి దాకా రావలసిన చేయి ఇంకా రెండు వేళ్ల దూరం ఉండగానే ఆగింది. విల్లును జాగ్రత్తగా చూసుకుంటోందని సంతోషపడ్డాను.

పోటీ నాడు మధ్యాహ్నం ఫోన్ చేసింది. మధ్యలో విరామం ఇచ్చారు.

"తాతా, బాణాలు అన్ని కిందికే వడ్తున్నయ్. ఏం జెయ్యాలె?"

వెంకవ్వ నా మోచేయి పట్టుకుంది. "చెప్పు, గిప్పుడన్న చెప్పు" అంది. పక్కింటి నసీర్ షెడ్డులోనే ఉన్నాడు, వింటున్నాడు.

"గాలి సూస్కో బిడ్డా. గురి జర మీదికి వట్టు" అని ఫోన్ పెట్టేశాను.

పదకొండో స్థానం వచ్చింది.

మూడో రోజు రోజారాణి విల్లు తెచ్చి గోడకు ఆనించింది.

"పిల్లేది?"

"రానంటున్నది కాకా."

"విల్లు మంచిగ లేకుండెనా?"

"అయ్యో, విల్లుకేమైంది? మస్తుగున్నదట. మా పిల్లనే నిండ గుంజలె. మల్ల నా చేతుల ఇరుగుతదేమో అని చెయ్యి చెవి దాక పోలేదట."

వెంకవ్వ నా చెప్పులు తెచ్చి గడపలో పెట్టింది. 

చెప్పులేసుకొని రోజారాణి వెంట వాళ్లింటికి నడిచాను. విజయశ్రీ నేల మీద కూర్చొని బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది. నిలబడే చెప్పాను.

"బిడ్డా, నువ్వు సక్కగనే గుంజినవ్. నా బొటనేలుకు సోయి లేదు. కింది కొమ్ము నేనే పల్సగ గీకిన. గందుకే ఇరిగింది."

కత్తెర ఆగింది. "గా దినమే ఎరుకనా తాతా?"

"ఎరుకే."

"మరి నేను ఫోన్ జేసిన గద. గప్పుడు ఇంక పన్నెండు బాణాలున్నయ్ నా దగ్గర."

కూర్చోమని రోజారాణి పీట వేసింది. ఆ పీట మీద ఎలా కూర్చోవాలో తెలియక అలాగే నిలబడ్డాను. విజయశ్రీ తల ఎత్తకుండా ఇంకో ఆకు తీసుకుంది.