వికర్ణం కింది ఒకట్లు

మొన్న ఆదివారం, ఢిల్లీ పక్క ఇందిరాపురంలో మా పై అంతస్తులో ఉండే అక్క మనవరాలు ఫోను తెచ్చి నా ముక్కు కింద పెట్టింది. కోచింగ్ వాళ్ళ ఆన్‌లైన్ పరీక్షలో ఒక మాత్రికకు జోర్డాన్ రూపం అడిగితే పిల్ల గళ్ళలో చక్కగా నింపింది, యంత్రం సున్నా వేసింది. “తాతగారూ, ఇస్‌మే గలత్ క్యా హై?” అంది, ఇందులో తప్పేముందని. గలత్ ఏమీ లేదు. బీపీ మాత్రలు మింగే వయసులో మాత్రికల మీద మండిపడతారేమిటని మా ఆవిడ నవ్వింది గానీ, నా మంట ఆనాటిది.

మన ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, వికర్ణం మీద ఐగెన్ విలువలు, వాటిని ఆనుకుని కొన్ని ఒకట్లు. వెక్టర్లను పేర్చే వరస తిరగేస్తే పైనున్న ఒకట్లు కిందికి దిగుతాయి, రెండూ ఒప్పే. పిల్ల కింద రాసింది. మా ఊరి కాలేజీలోనూ కిందే రాయించారు, ఢిల్లీ పుస్తకాల్లో పైన ఉండేవి. ఢిల్లీ జియా సరాయ్‌లో ఒక కోచింగ్‌లో పాఠాలు చెప్పడానికి కుదురుకున్న కొత్తలో, ఊరివాడిలా కనిపించకూడదని నేనూ వాటిని పైకెక్కించాను. మనిషిని మాత్రం ఎక్కడివాణ్ణి అక్కడే.

మా పిన్ని కొడుకు నా గదిలోనే ఉండి ఆ కోచింగ్‌లోనే చదివేవాడు. పై బ్యాచ్ పరీక్ష గట్టెక్కితేనే ఢిల్లీలో ఉంచుతానని బాబాయి తెగేసి చెప్పాడు. జోర్డాన్ రూపం ప్రశ్నకు వాడు ఊళ్ళో నేర్చినట్టే ఒకట్లు కింద రాశాడు. దిద్దుతూ అది చూసి, చేతిలో పేపరుతోనే కోచింగ్ యజమాని దగ్గరికి పరుగెత్తాను. ఆయన టీ కప్పులోంచి తలెత్తకుండా, “జవాబుల కీ నోటీసు బోర్డులో పెట్టేశాం మాస్టర్‌జీ, అబ్ దిమాగ్ మత్ లగాయియే” అన్నాడు, ఇక బుర్ర వాడొద్దని. తమ్ముడి కోసం వాదిస్తున్నాననుకుంటారని నోరు మూసుకుని వచ్చి సున్నా వేశాను. ఆ ఒక్క ప్రశ్నతోనే వాడి సీటు పోయింది.

“ఇది తప్పా అన్నయ్యా?” అన్నాడు పేపరు చూసి.

“కీలో అలా లేదురా.”

“కీ రాసిందెవరు?”

నేనే. ‘కింద రాసినా ఒప్పే’ అని ఒక్క ముక్క చేర్చడానికి నా కొత్త ఢిల్లీ దర్జా అడ్డొచ్చింది. ఆ వారమే వాడు రైలెక్కి వెళ్ళి బాబాయి ఎరువుల కొట్లో కూర్చున్నాడు. ఇప్పటికీ ఫోను చేస్తాడు, వానలడుగుతాడు, మోకాళ్ళడుగుతాడు, లెక్కల ఊసు మాత్రం ఎత్తడు. యజమానిని తిట్టుకుని బతికేద్దామని ఎన్నేళ్ళుగానో చూస్తున్నాను, ఆ తిట్టు తిరిగి నా దగ్గరికే వస్తుంది.

మనవరాలి తరఫున అభ్యంతరం రాసి పంపాను, రెండు పేజీల నిరూపణతో సహా. టీ చల్లారకముందే జవాబొచ్చింది, కీతో సరిపోలలేదని. కింద సంతకం లేదు, పేరు లేదు. ఆనాడు తమ్ముడికి నిలదీయడానికి ఎదురుగా నా మొహమైనా ఉండేది, సిగ్గుతో దించుకున్న మొహమే అయినా. ఈ పిల్ల “కీ రాసిందెవరు?” అని ఎవరినడగాలి?