వేడి లేని దీపం

"ఇందులో వేడి ఉండదప్పా, కావాలంటే చెయ్యి పెట్టి చూడు" అని మా అటెండరు దగ్గర గొప్పలు పోయింది నేనే. తిరుపతిలో పరిశోధన విద్యార్థిగా ఉన్న రోజులవి. ఎలుకల వీపు గొరిగి, అతినీలలోహిత దీపం కింద కొద్ది నిమిషాలు ఉంచి, చర్మకణాల్లో వాపు పుట్టించే ఎంజైములు ఎంతసేపటికి కదులుతాయో చూడడం నా పని. గొరగడం ఆయన పని. యాభై దాటిన మనిషి, రోజూ తిరుచానూరు నుంచి సైకిల్ మీద వచ్చేవాడు.

ఎండాకాలంలో ఒకరోజు ఆయన గుండుతో, దాని మీద గంధంతో వచ్చాడు. భార్యకు టైఫాయిడ్ తగ్గితే కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నాడట. తీరా మోకాళ్ళ నొప్పులకు భయపడి బస్సెక్కి పోయాడట.

"ఎలకలకీ గుండే, నాకూ గుండే సామీ" అని నవ్వాడు.

ఆ మధ్యాహ్నం నేను దీపం ఆర్పకుండా భోజనానికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి ఆయన కొళాయి దగ్గర టిఫిన్ డబ్బా కడుగుతున్నాడు.

"నెత్తి మండతా ఉంటే, వేడి ఉండదంటివి గదా అని నీ దీపం కింద కూసోని తిన్నా సామీ. సల్లగా ఉండాది."

పరుగున పోయి దీపం ఆర్పి వచ్చాను. గుండు వంక చూశాను. ఏమీ లేదు. అప్పుడే ఏమీ కనిపించదని నాకు తెలుసు, నా చదువే అది. ఆ కాంతి నిప్పులా అప్పటికప్పుడు కాల్చదు. కణం పొరలోని కొవ్వును తెంచే ఎంజైమును రేపుతుంది. తెగిన ముక్కల నుంచి ఇంకో ఎంజైము రక్తనాళాలను ఉబ్బించే పదార్థాలను తయారుచేస్తుంది. ఎరుపూ మంటా పైకి తేలడానికి గంటలు పడుతుంది. ఎలుకలకు కొద్ది నిమిషాలే పెట్టేవాణ్ణి. ఈయన అరగంట కూర్చున్నాడు, కళ్ళు తెరుచుకుని. చెప్పాలి. నోరు రాలేదు. మా గైడు ప్రొఫెసరుకు తెలిస్తే నా చదువు గోవిందా అనుకున్నాను. సాయంత్రం ఆయన సైకిలెక్కి పోతుంటే కిటికీ దగ్గర నిలబడి చూశాను.

మర్నాడు ఆయన రాలేదు. పదింటి దాకా గేటు వంక చూసి చూసి, కాలు నిలవక ఆయన ఇంటికి పోయాను. కళ్ళ మీద తడిగుడ్డ వేసుకుని మంచంలో ఉన్నాడు. నెత్తి కందిపోయి ఉంది, గంధం మందంగా ఉన్నచోట్ల తప్ప.

"కండ్లల్లో ఇసక పోసినట్టుండాది. నడిసొస్తానని బస్సెక్కితిని కదా, సామికి కోపమొచ్చినాది" అన్నాడు. మధ్యాహ్నమే భార్య చెయ్యి పట్టుకుని కొండ మెట్లెక్కుతాడట. ఆ ఎండలో, ఆ నెత్తితో.

దేవుడి మీదికి నెట్టేసి ఊరుకుంటే నన్ను అడిగేవాళ్ళు లేరు. ఆ ఆలోచన వచ్చింది, దాచను. కానీ ఆ కళ్ళు పోతే?

"దీపం ఆర్పనిది నేను పెద్దాయనా. ఇట్లా అవుతుందని నిన్ననే తెలుసు, చెప్పలేదు" అన్నాను.

ఆయన కళ్ళ మీది తడిగుడ్డ సర్దుకున్నాడు. భార్యే అంది. "దేముడైతే తప్పయిందని దండం పెట్టుకుందుము. నిన్నేం జేసేది నాయనా?"

ముగ్గురం రిక్షాలో కంటి డాక్టరు దగ్గరికి పోయాం. డాక్టరు మందు వేసి కట్టు కట్టాడు. కట్టు విప్పేదాకా ఏమీ చెప్పలేనన్నాడు.

నాలుగో రోజు పొద్దున కట్టు విప్పారు. ఆయన రెప్పలు కొట్టుకుంటూ గోడ వంక చూశాడు, తర్వాత నా వంక.

"కనపడతా ఉండావులే" అన్నాడు. విప్పిన కట్టుగుడ్డను మడత పెడుతూ మెల్లగా అన్నాడు. "ఆ పొద్దు నేను సైకిలెక్కేటప్పుడు కిటికీ కాడ నిలబడుకోని ఉంటివే. అప్పుడు గూడా కనపడినావు సామీ."